ఎంగిలి లేని గొట్టం

గాజు ఊదేవాళ్ళకున్న పొగరు మహారాజులకు కూడా ఉండదు. నమ్మకపోతే ఒక పూట ఆ కార్ఖానాలో నిలబడి చూడండి. చొక్కా చెమటకు ఉప్పు చారలు కట్టి ఉంటుంది, మోచేతుల దాకా కాలిన మచ్చలుంటాయి. అయినా సరే, కొలిమి ముందు కాళ్ళు ఎడంగా పెట్టి ఆ ఇనుప గొట్టం నోటికి ఆనించారంటే, ఊపిరి పీల్చే హక్కు లోకంలో తమకొక్కరికే రాసిచ్చినట్టు చూస్తారు. గొట్టానికి ఒక చివర నిప్పులో కాగిన గాజు ముద్ద, రెండో చివర మనిషి పెదాలు. మధ్యలో ఉన్నదల్లా ఊపిరి. ఆ ఊపిరే ముద్దను బుడగ చేస్తుంది, బుడగను కూజా చేస్తుంది. మరి పొగరు రమ్మంటే రాదూ?

అయితే పెద్ద కూజా ఒక్క మనిషి ఊపిరికి లొంగదు. ఒకడు కళ్ళు బయటికొచ్చేలా ఊది అలసిపోతే, గాజు చల్లారేలోపు గొట్టం రెండోవాడి నోటికి మారాలి. తర్వాత మూడోవాడికి. అలా మారేటప్పుడు మూతి తుడవకూడదు. తుడిచేంతలో గాజు ఒక పక్కకు జారిపోతుందని ఎప్పుడో ఎవరో పెట్టిన నియమమది. పోనుపోను అదే పరువు సంగతైపోయింది. తోటివాడి చేతిలోంచి గొట్టం అందుకుని తుడిచావంటే వాడి మొహాన ఉమ్మినట్టే. "నిప్పులో మునిగి తేలే గొట్టానికి ఎంగిలేంట్రా?" అనేవాడు పెద్దమేస్త్రీ. ఆ మాట అక్కడ వేదవాక్కు. ఒకసారి కొత్తగా చేరినవాడొకడు తెలియక చొక్కా అంచుతో తుడిచాడు. అంతే, ఆ పూట నుంచి వాడి పేరు 'దొరగారు'. "దొరగారికి గ్లాసు కడిగివ్వండ్రా, లేకపోతే కందిపోతారు!" అని వెంటబడి ఏడిపించి, పాపం, వాడు ఇంకో పని వెతుక్కునేదాకా ఊరుకోలేదు.

ఆ కార్ఖానాలో అందరికన్నా పెద్ద ఊపిరి ఉన్నవాడిని 'తిత్తి' అనేవాళ్ళు, కొలిమితిత్తిలా ఊదుతాడని. తిత్తి భార్యది పక్క గదిలో పని. చల్లారి వచ్చిన కూజాల అంచులను తడి సానరాయి మీద అరగదీసి, ఎవరి చేతికీ గీసుకోకుండా నున్నగా చేసేది. వీళ్ళకు ఒక్కతే కూతురు. గుండ్రంగా, పెద్దవిగా ఉన్న దాని కళ్ళు చూసి పెద్దమేస్త్రీయే 'గోళీ' అని ముద్దుపేరు పెట్టాడు. దాంతో తల్లి కూడా సొంత పేరు పోగొట్టుకుని 'గోళీ వాళ్ళమ్మ' అయి కూర్చుంది. మనమూ అలాగే పిలుద్దాం. ఆ పిలుపు వింటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

పనివాళ్ళ పిల్లలకు ఏడేళ్ళు నిండితే కార్ఖానాలో 'తొలి ఊదు' ఊదించడం రివాజు. పని ముగిశాక పిల్లనో పిల్లవాడినో బల్ల మీద నిలబెట్టి, గొట్టానికి చిన్న గాజు ముద్ద తగిలించి, ఊదమంటారు. ముద్దలోకి మొదటి గాలి పోవడమే కష్టం. పిల్లల వల్ల కాదు. అందుకని పెద్దవాళ్ళు ముందు కాస్త ఊది, లోపల దారి చేసి ఇస్తారు. గోళీకి ఏడు నిండినప్పుడు దారి చేసి ఇచ్చింది పొట్టి. పేరుకే పొట్టి గానీ తిత్తికి కుడిభుజం. ఆ వేళ పొద్దున్నుంచీ వాడు ఉమ్మి మింగాల్సి వచ్చినప్పుడల్లా మెడ సాచి, మొహం చిట్లించి మింగుతున్నాడు. కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"ఏం మరిదీ, ఒంట్లో బాలేదా?" అంది గోళీ వాళ్ళమ్మ.

"ఆఁ, కొలిమి గొంతు వదినా. రెండ్రోజులుంటే అదే పోతుంది."

కొలిమి గొంతంటే ఏమిటో చెప్పాలి. కార్ఖానాలో ఎవరికి గొంతు నొప్పి వచ్చినా పెట్టే పేరది. కొలిమి వేడికి గొంతు కాలిందని వాళ్ళ లెక్క. ఒకడికి వచ్చిందంటే వారం తిరిగేసరికి నలుగురు మెడలు సాచి మింగుతుండేవాళ్ళు. వేడి అందరికీ ఒకటే కదా, అందుకే అందరికీ వస్తుందని సరిపెట్టుకునేవాళ్ళు. కొలిమి ఏడాది పొడుగునా మండుతుంటే నొప్పి మాత్రం ఒకరి వెనక ఒకరికి వరస కట్టి ఎందుకొస్తుందయ్యా అని ఒక్కడైనా అడగొద్దూ! అడగలేదు. ముద్దుపేరు పెట్టి పిలుచుకునే రోగమంటే ఎవరికి భయం ఉంటుంది?

పొట్టి బుగ్గలు పొంగించి ఊదాడు. ముద్ద లోపల చిన్న బుడగ కదిలింది. తిత్తి గొట్టం అందుకుని ఇంకొంచెం ఊది, వంగి, కూతురి నోటికి ఆనించాడు. కొలిమి వెలుగులో గొట్టం మూతి తడిగా మెరవడం గోళీ వాళ్ళమ్మ చూసింది. చేయి దానంతటదే నడుముకు దోపుకున్న గుడ్డ మీదికి పోయింది. తుడుద్దామనుకుంది. చుట్టూ ఉన్న మొహాలు చూసింది. రేపటి నుంచి మొగుణ్ణి 'దొరసాని మొగుడు' అని పిలుస్తారేమోనన్న ఆలోచన వచ్చి చేయి వెనక్కి తీసుకుంది. గోళీ కళ్ళు గట్టిగా మూసుకుని ఊదింది. నిమ్మకాయంత బుడగ తేలింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మూడు రోజులు తిరక్కుండా పిల్లకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. జలుబు లేదు, దగ్గు లేదు. "మింగలేనమ్మా, గొంతులో గాజుపెంకు ఉంది," అని ఏడ్చింది. తల్లి నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే లోపలంతా ఎర్రగా వాచి, అక్కడక్కడా తెల్లటి చుక్కలున్నాయి. దవడ కింద రెండు వైపులా బిళ్ళలు కట్టాయి. తిత్తి కూడా వంగి చూసి, ఏమన్నాడో తెలుసా? "కొలిమి గొంతే! నా కూతురనిపించుకుంది," అని మురిసిపోయాడు. మురిసిపోవడానికి సమయమా అది!

"డాక్టరుకి చూపిద్దామండీ," అంది ఆమె.

"మనకి తెలియని రోగమా ఏంటే? ఉప్పునీళ్ళు పుక్కిలించమను. రేపో ఎల్లుండో లేచి గంతులేస్తుంది."

నిజంగానే లేచి గంతులేసింది. నాలుగైదు రోజులకు జ్వరం జారిపోయింది, గొంతు నొప్పి పోయింది. పిల్ల మళ్ళీ వీధిలో పడి పరుగులు మొదలుపెట్టింది. "చూశావా?" అన్నట్టు తిత్తి భార్య వైపు కనుబొమలు ఎగరేశాడు. ఆమె కూడా నవ్వేసింది. గండం గట్టెక్కిందనుకుంది, పిచ్చితల్లి.

తర్వాత రెండు మూడు వారాలకు ఒక పొద్దున గోళీ మంచం దిగబోయి కెవ్వుమంది. కుడి మోకాలు వాచి ఎర్రబారింది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతోంది. "ఎక్కడ పడ్డావే?" అని అడిగితే, "పడలేదమ్మా," అని ఏడుస్తోంది. తిత్తి తన మామూలు ధోరణిలో ఎదిగే పిల్లలకు నొప్పులు మామూలేనన్నాడు. రెండు రోజులకు ఆ మోకాలు చల్లగా, మామూలుగా అయిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు ఎడమ చీలమండ వాచింది. అది తగ్గింది. మోచేయి పొంగింది.

అప్పుడు పట్టుకుంది గోళీ వాళ్ళమ్మకు అసలు భయం. నొప్పంటే ఒక చోట ఉండాలి. దెబ్బంటే ఒక చోట తగలాలి. ఇదేమిటి, తలుపు తలుపూ తట్టుకుంటూ పోయే దొంగలా ఒంట్లో తిరుగుతోంది? దేన్ని వెతుకుతోంది? సానరాయి మీద కూజా అంచు పెట్టి కూడా ఆమె మనసు ఇంట్లోనే ఉండేది. ఒక అంచు మరీ లోపలికి అరిగిపోయి కూజా పగిలింది. అన్నేళ్ళ పనిలో అలా ఎప్పుడూ జరగలేదు. కూతురు నిద్రపోతుంటే దుప్పటి పైకెత్తి, ఈసారి ఎక్కడికి పోయిందోనని కీలు కీలూ తడిమి చూసేది.

ఒక మధ్యాహ్నం బడి నుంచి తీసుకొస్తుంటే గోళీ ఇంటి మెట్ల మీద సగంలోనే కూలబడింది. రోజూ రెండేసి మెట్లు దూకే పిల్ల. పెదాలు పాలిపోయి ఉన్నాయి. చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, "అమ్మా, లోపల ఎవరో పరిగెడుతున్నారు," అంది.

తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. మొగుడికి కబురు పెట్టలేదు, సంచి తీసుకోలేదు, కాళ్ళకు చెప్పులున్నాయో లేదో చూసుకోలేదు. పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. దారి పొడుగునా ఆ చిన్న గుండె తన భుజం మీద దడదడమని కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది. అలా కొట్టుకుంటోందని భయం, ఎక్కడ ఆగుతుందోనని ఇంకా భయం.

డాక్టరమ్మ పిల్ల రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టింది. విన్నది. కొంచెం జరిపి మళ్ళీ విన్నది. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఇంకా విన్నది. ఏమీ మాట్లాడదే! వాగే డాక్టరు దొరికితే బాగుండునని గోళీ వాళ్ళమ్మ దేవుళ్ళందరికీ మొక్కుకుంది. చివరికి ఆవిడ చెవుల్లోంచి గొట్టాలు తీసి, "ఈ మధ్య పాపకి గొంతు నొప్పి వచ్చిందా?" అని అడిగింది.

కాళ్ళూ గుండే చూపించడానికొస్తే గొంతు సంగతేమిటని ఆమెకు ఒళ్ళు మండింది. "వచ్చి తగ్గిపోయిందండీ. కొలిమి గొంతు."

"అంటే?"

చెప్పింది. వేడి సంగతి, గొట్టం సంగతి, తొలి ఊదు సంగతి, పొట్టి మెడ సాచి మింగడం, అన్నీ చెప్పింది. చెబుతూ ఉంటే డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

"అది వేడికి వచ్చే నొప్పి కాదమ్మా. గొంతులో ఒక రకం బాక్టీరియా చేరితే వస్తుంది. చాలా మామూలుది. ఉమ్మిలో ఉంటుంది. దగ్గినా, తుమ్మినా, ఒకరు నోట్లో పెట్టుకున్నది ఇంకొకరు పెట్టుకున్నా అంటుకుంటుంది. మందు సరిగ్గా వాడితే ఏ గొడవా లేదు. వాడకుండా వదిలేస్తే కొందరు పిల్లల్లో ఇలా అవుతుంది. దాన్ని చంపడానికి ఒంట్లో పుట్టిన బలమే, పగవాళ్ళెవరో తనవాళ్ళెవరో పోల్చుకోలేక, కీళ్ళ మీద పడుతుంది. గుండె మీదా పడుతుంది."

కంచే చేను మేసిందన్నమాట. గోళీ వాళ్ళమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. "గుండెకి... ఏమైందండీ?"

"గుండె లోపల తలుపుల్లాంటి కవాటాలుంటాయి. పాపకి ఒకటి వాచింది. సరిగ్గా మూసుకోవడం లేదు."

"మళ్ళీ బాగవుతుందా?"

"కీళ్ళు పూర్తిగా బాగవుతాయి. గుండె సంగతి ఇప్పుడే చెప్పలేను, బాగయ్యే అవకాశం కూడా ఉంది. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ గొంతు నొప్పి మళ్ళీ రాకూడదు. వచ్చిందంటే ఆ కవాటం ఇంకా పాడవుతుంది. అందుకే కొన్ని వారాలకోసారి ఇంజెక్షన్ ఇస్తూ ఉండాలి, పెద్దయ్యేదాకా. ఇంట్లోవాళ్ళూ, ఆ గొట్టం ఊదేవాళ్ళూ అందరూ గొంతు పరీక్ష చేయించుకోవాలి. నొప్పి లేకపోయినా కొందరి గొంతులో అది దాక్కుని ఉంటుంది."

ఆ ఆఖరి మాట ఆమె గుండెలో మేకులా దిగింది. నొప్పి ఉన్నవాడినైతే ఆమడ దూరంలో ఆపొచ్చు. నొప్పి లేనివాడిని ఎలా కనిపెట్టడం? వార్డులోకి వచ్చే ప్రతి మనిషి మూతి వైపే ఆమె కళ్ళు పోయాయి. నవ్వే నర్సు, ఆవలించే ముసలాయన, పక్క మంచం మీద పాట పాడుకుంటున్న పిల్ల, అందరివీ నోళ్ళే. సాయంత్రానికి తిత్తి పరుగున వచ్చి, మంచం మీద వాలి, కూతురి బుగ్గ మీద ముద్దు పెట్టబోయాడు. ఆమె రెండు చేతులతో మొగుడి మొహం పట్టుకుని వెనక్కి నెట్టేసింది.

"దాని దగ్గరికి రావద్దు!"

తిత్తి గోడకు తగిలి నిలబడ్డాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఒక్కసారీ గొంతెత్తి ఎరగదు. సంగతంతా విన్నాక కిందికి జారి కూర్చున్నాడు.

"ఏమని చెప్పనే వాళ్ళకి? మీ ఎంగిలి వల్ల నా కూతురు ఇలా అయిందని చెప్పనా? పొట్టిగాడు నా ప్రాణమే."

"మరి గోళీ ఎవరి ప్రాణమండీ?"

"చెప్తాలే. రేపు చెప్తా."

మర్నాడు కార్ఖానాకు వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. "చెప్పారా?" అని అడిగితే, "సమయం చూసి చెప్తా," అన్నాడు. ఈ మగవాళ్ళకు సమయం ఎప్పుడు కలిసొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. మూడో రోజు గోళీ వాళ్ళమ్మ తన అక్కను పిల్ల దగ్గర కూర్చోబెట్టి, తిన్నగా కార్ఖానాకు నడిచింది. దారంతా కాళ్ళు వెనక్కి లాగుతూనే ఉన్నాయి. పని పోతే? మొగుణ్ణి వెలేస్తే? పెద్దమేస్త్రీ ఆమెకు తండ్రిలాంటివాడు. పెళ్ళి దగ్గరుండి జరిపించింది ఆయన, పురుటికి ఆసుపత్రిలో చేర్చింది ఆయన. ఆయన మొహం మీద ఈ మాట ఎలా అనాలి?

గుమ్మంలోకి వచ్చేసరికి లోపల పెద్ద కూజా ఊదుతున్నారు. పెద్దమేస్త్రీ ఊది పొట్టికి ఇచ్చాడు. పొట్టి ఊదాడు. వాడి నోటిలోంచి తీసిన గొట్టం, తడి ఆరకుండానే, అందరూ చూస్తుండగానే, తిత్తి నోటికి వెళ్ళింది.

"ఆపండీ!"

ఆ అరుపుకు తిత్తి ఊపిరి తెగింది. గాజు బుడగ ఒక పక్కకు సోలి, ముడుచుకుని, చప్పుడు లేకుండా నేల మీదికి జారిపోయింది. అప్పటిదాకా పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

"ఏంటమ్మాయ్ ఇది?" అన్నాడు పెద్దమేస్త్రీ. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది, ఒక్క మాట దాచలేదు. తుడవబోయి చేయి వెనక్కి తీసుకున్న సంగతి కూడా చెప్పింది. తిత్తి తల దించుకున్నాడు.

పొట్టి మొహం మాడిపోయింది. "అంటే నేనే గోళీని చంపబోయానా వదినా? దాన్ని ఎత్తుకుని పెంచానే నేను! నిప్పులో ఉండే గొట్టమది. ఇనుమే ఎర్రబడే చోట రోగం బతుకుతుందా? ఎవరో ఏదో చెబితే నమ్మి—"

ఆమె ముందుకు వచ్చి మొగుడి చేతిలోంచి గొట్టం లాక్కుంది. అంత బరువుంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఎర్రగా ఉన్న చివరను పక్కనున్న ఇసుకలో గుచ్చి, మూతి చివరను పిడికిట్లో పట్టుకుంది.

"బతకదు మరిదీ. నువ్వన్నది నిజమే. ఆ చివర ఏదీ బతకదు. మరి ఈ చివర? నా చెయ్యి కాలట్లేదే! ఇన్నేళ్ళుగా మీ పెదాలు కాలట్లేదే! పెదవి కాలని చోట రోగం కాలుతుందా?"

ఎంతమంది మేస్త్రీలు, ఎన్ని తరాల పొగరు, ఎన్ని లక్షల ఊదులు! ఆ చివర చల్లగా ఉంటుందని వాళ్ళ పెదాలకు రోజూ తెలుసు. తలకెక్కలేదు, అంతే.

ఒకడు మెల్లగా తన మూతి చేత్తో తుడుచుకున్నాడు. అది చూసి ఎవరూ నవ్వలేదు.

"అమ్మాయ్," అన్నాడు పెద్దమేస్త్రీ. "ఆ కీళ్ళ నొప్పి... ఒక చోట తగ్గి ఇంకో చోట తేలుతుందా?"

"అవును బాబాయ్."

"ముందు మోకాలు. తర్వాత చీలమండ. ఆ తర్వాత ఆయాసం."

"అవును. మీకెలా తెలుసు?"

"మా తమ్ముడికి అలాగే వచ్చింది." ఆయన కొలిమి వైపు చూస్తూ చెప్పాడు. "వాతం అన్నారు. నరాల బలహీనత అన్నారు. వాడి చేత తొలి ఊదు ఊదించింది నేనే. దారి చేసి ఇచ్చింది కూడా నేనే. వాడు పదకొండో ఏట పోయాడు."

ఎవరూ ఓదార్చడానికి ముందుకు రాలేదు. ఏమని ఓదారుస్తారు? పొట్టి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, వాడు తుడుచుకోవడం కూడా లేదు. పెద్దమేస్త్రీయే తేరుకుని, "కొలిమి చూసుకోవడానికి ఒక్కడుండండి. మిగతావాళ్ళంతా ఆసుపత్రికి పదండ్రా," అన్నాడు. "రేపట్నుంచి ఎవడి గొట్టం వాడిదే. పెద్ద కూజాలు ఊదం. ఎవడికి కావాలో వాడు ఊదుకుంటాడు."

గొంతులోకి దూది పుల్ల పెట్టి తీస్తుంటే అంతంత మగాళ్ళూ చిన్నపిల్లల్లా వోక్ వోక్ మన్నారు. ఇంకొకప్పుడైతే దాని మీద ఆరు నెలలు జోకులు వేసుకునేవాళ్ళు. ఆ రోజు మాత్రం వరండాలో బల్ల మీద వరసగా, దూరం దూరంగా కూర్చుని, ఒకడి మొహం ఒకడు చూసుకోకుండా లేచి వెళ్ళిపోయారు. ప్రతివాడికీ లోపల ఒకటే భయం, ఉన్నది నా గొంతులోనేనా అని.

ఫలితాలు వచ్చాయి. పొట్టి గొంతులో ఏమీ లేదు. వచ్చింది, పని చూసుకుంది, పోయింది. తిత్తికీ లేదు. ఆ మాట విని అతను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి, చేతులు కడుక్కుని వచ్చి, కూతురి పాదాలు ముట్టుకున్నాడు. మొహం దగ్గరికి వెళ్ళడానికి ఇంకా ధైర్యం చాల్లేదు.

ఆ వేళ ఎండ కిటికీలోంచి గోళీ మంచం మీద పడుతోంది. జ్వరం లేదు. కీళ్ళు చల్లబడ్డాయి. పరుగులు మాత్రం బంద్, మంచం దిగడానికే వీల్లేదు. గుండెలో చప్పుడు అలాగే ఉందని, పెరగలేదని, అది మంచి మాటేనని డాక్టరమ్మ పొద్దున చెప్పి వెళ్ళింది. ఉందన్న మాటకు ఏడవాలో, పెరగలేదన్న మాటకు నవ్వాలో తేలక గోళీ వాళ్ళమ్మ పిల్ల జుట్టు దువ్వుతోంది. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టనిపించి తలెత్తింది. పెద్దమేస్త్రీ. ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకున్నాడు.

రండి బాబాయ్ అనబోయింది. ఆయనే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"రానమ్మా. నా గొంతులో ఉందట. నొప్పి లేదు, మంట లేదు, హాయిగా ఉన్నాను. ఎన్నాళ్ళ నుంచి ఉందో చెప్పలేమన్నారు. మందు ఇప్పుడే మొదలుపెట్టా."

ఆమె లేచి తలుపు దగ్గరికి వచ్చింది. మధ్యలో రెండు బారల దూరం ఉంచి నిలబడింది. అలా నిలబడినందుకు సిగ్గుపడింది. అయినా ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

"దానికేం మందిస్తున్నారు?" అని అడిగాడాయన.

"పెన్సిలిన్ అంట బాబాయ్. ఇక ముందు కూడా అదే సూది."

"అదొక్కటేనా?"

"అదొక్కటే. ఎక్కడైనా దొరుకుతుందంట. గొంతు నొప్పప్పుడే ఇప్పించి ఉంటే..." అనేసి, ఆయన కళ్ళు చూసి, నాలుక కరుచుకుంది. గబగబా సర్దబోయింది. "మీ తమ్ముడి రోజుల్లో ఇలాంటివి ఎక్కడుండేవిలే బాబాయ్. ఇవన్నీ ఈ మధ్యొచ్చిన మందులు."

పెద్దమేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

"ఉండేదమ్మా. ఆ ఏడే మా నాన్న చెయ్యి కాలి చీము పడితే, కాంపౌండరు ఇంటికొచ్చి రోజూ అదే పొడిచి వెళ్ళేవాడు. పేరు నాకు బాగా గుర్తు. చెయ్యి తగ్గిపోయాక ఒక సీసా మిగిలింది. చిన్న గాజు సీసా, లోపల తెల్లటి పొడి. మూత కూడా తియ్యలేదు." వేళ్ళతో దాని పొడవు చూపించాడు. "మావాడు మంచంలో పడి ఆడుకోవడానికేం లేదని ఏడుస్తుంటే, దాన్నే వాడి చేతికిచ్చాను. పోయేదాకా దాన్ని గలగలలాడిస్తూనే ఉన్నాడు."

లోపల్నుంచి గోళీ, "ఎవరమ్మా? తాతేనా? రమ్మను!" అని కేకేసింది. ఆ గొంతు వినగానే ముసలాయన ఒక అడుగు ముందుకు వేయబోయి, తనే వెనక్కి తగ్గాడు. నోటి మీది గుడ్డను రెండు చేతులతో ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"తలుపు వెయ్యమ్మా," అన్నాడు. "నా గాలి తగలనీకు దానికి."

గోళీ వాళ్ళమ్మ తలుపు వేసింది.